మీ ఆయన జీతమెంతమ్మా?

ఆడవాళ్ళ వయసూ, మగవాళ్ళ సంపాదనా అడక్కూడదని మన పెద్దవాళ్ళ మాట. నేను పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆ రెండూ అడుగుతాను. అడిగినందుకు నాకు జీతం కూడా ఇస్తారు. "ఊళ్ళోవాళ్ళ ఆదాయాలు ఆరా తీయడం కూడా ఒక ఉద్యోగమేనటే?" అని మా అత్తగారు ఫోన్లో ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు. ఆవిడకి ఎలా చెప్పానో మీకూ అలాగే చెబుతాను.

మేముండేది న్యూజెర్సీలో. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక ఇద్దరికి వండుకోవడానికి ఎంతసేపు? ఆ ఖాళీలో ఒక ఆస్పత్రిలో రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర చేరాను. ఏడాది తిరిగేసరికి మా సూపర్‌వైజరు, "నీకు తెలుగూ హిందీ వచ్చు కదా, ప్రిజంప్టివ్ ఎలిజిబిలిటీ ట్రైనింగ్ తీసుకోరాదూ?" అంది. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నోరు తిరగడానికే నాకు రెండ్రోజులు పట్టింది.

సంగతేమిటంటే, అమెరికాలో డబ్బు చాలని వాళ్ళకోసం 1965లో మెడికెయిడ్ అని ప్రభుత్వ వైద్య పథకం పెట్టారు. కానీ దరఖాస్తు పెట్టినవాళ్ళకి జవాబు చెప్పడానికి మామూలుగా 45 రోజుల దాకా గడువుంటుంది. జ్వరమూ, కడుపులో బిడ్డా అన్నాళ్ళు ఆగుతాయా? అందుకని ముందు నోటిమాట మీద తాత్కాలికంగా కవరేజీ ఇచ్చేసి, కాగితాలు తర్వాత చూసుకునే పద్ధతి తెచ్చారు. 1986లో గర్భిణులకి, 1997లో పిల్లలకి రాష్ట్రాలు ఇవ్వచ్చన్నారు. 2014 నుంచి మెడికెయిడ్‌లో ఉన్న ఏ ఆస్పత్రి అయినా ముందుకొస్తే, శిక్షణ పొందిన దాని ఉద్యోగులే ఈ నిర్ణయం చేయచ్చు. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలని కూర్చోబెట్టారు చూడండి, కొంచెం అలాంటి పని. కాకపోతే అక్కడ తెల్ల రేషన్ కార్డు చూపిస్తే సరిపోయేది. ఇక్కడ కార్డేమీ లేదు. ఎదుటి మనిషి చెప్పిందే ఆధారం.

ట్రైనింగంటే పాఠాలు చదివి పరీక్ష రాయడమే. యాభయ్యో పడిలో పరీక్షేమిటని మావారు నవ్వారు గానీ, చదువుతుంటే నాకే సరదా పుట్టింది. గర్భిణి ఒక్కతే వచ్చినా కుటుంబంలో ఇద్దరిగా లెక్క! కవలలైతే ముగ్గురు. మన పెద్దవాళ్ళు "ఇద్దరి కోసం తినాలే తల్లీ" అనేదాన్ని వీళ్ళు రూలు పుస్తకంలోకి ఎక్కించారు. గర్భిణులకీ, పిల్లలకీ, అరవై అయిదు లోపు చాలామంది పెద్దవాళ్ళకీ ఆస్తి చూడరు. ఒంటిమీద బంగారం ఎంతుందన్నది వాళ్ళకి పట్టదు. గాజులు తీసేసి పర్సులో దాచుకుని వచ్చేవాళ్ళని చూస్తే నవ్వూ, జాలీ రెండూ వస్తాయి. అదే, ఇండియాలో అమ్మానాన్నలకి నెలనెలా పంపే డబ్బు ఆదాయంలోంచి తీసెయ్యరు. "అది మాది కాదు కదండీ" అని వాదిస్తారు. న్యాయమే మరి, రూలు మాత్రం ఒప్పుకోదు.

పరీక్ష కంటే కష్టమైంది అడగడం నేర్చుకోవడం. ఎంతమంది ఉంటారు, ఎంత వస్తుంది, ఏ రాష్ట్రంలో ఉంటారు, పౌరసత్వమా వీసానా... ఇంతే ప్రశ్నలు. రుజువులు అడక్కూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని ఆపకూడదు. మరి అబద్ధం చెబితేనో? మా అత్తగారూ ఇదే అడిగారు. చెప్పింది నిజమేనని సంతకం పెట్టించుకుంటాం. పూర్తి దరఖాస్తులో ప్రభుత్వమే సరిచూసుకుంటుంది. మేము "అవును" అన్నవాళ్ళలో ఎంతమంది పూర్తి దరఖాస్తు పెట్టారు, ఎంతమంది నిలిచారు అని రాష్ట్రం మా ఆస్పత్రి మీద కూడా ఓ కన్నేసి ఉంచచ్చు. తర్వాత అర్హత లేదని తేలినా, ఆ తాత్కాలిక రోజుల్లో చేయించుకున్న వైద్యానికి పేషెంటు నుంచి తిరిగి వసూలు చెయ్యరు. కానీ మేము "కాదు" అంటే ఆ మాట మీద అప్పీలు లేదు. పూర్తి దరఖాస్తు పెట్టుకోవడమే దారి. అందుకే "కాదు" అనే ముందు లెక్క రెండోసారి వేస్తాను.

ఊరూ పేరూ చెప్పను గానీ, ఒకమ్మాయి సంగతి చెప్పాలి. ఏడో నెల. భర్తకి ఉద్యోగం పోయి నెలయింది, దాంతోపాటే కంపెనీ ఇన్సూరెన్సూ పోయింది. కొత్త కంపెనీలో జీతం ఇంకా మొదలవలేదు. వీసా కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. న్యూజెర్సీలో చట్టప్రకారం ఉంటున్న గర్భిణులకి ఈ పథకం వర్తిస్తుంది. 2025 లెక్కలో ఆ ఇద్దరికీ కడుపులో బిడ్డకీ కలిపి నెలకి సుమారు 4,550 డాలర్ల లోపు ఆదాయం ఉంటే చాలు. వీళ్ళకి ఆ నెల వచ్చింది సున్నా.

నేను అమ్మాయిని అడిగిన ప్రతిదానికీ అబ్బాయే జవాబు చెప్పాడు. నెలసరి తేదీతో సహా! ఆ అమ్మాయి తల వంచుకుని కొంగు అంచు... అదే, చున్నీ అంచు నలుపుతూ కూర్చుంది. చివరికి, "ఆంటీ, ఇది తీసుకుంటే మాకు గ్రీన్‌కార్డు రాదంటున్నారు, నిజమా?" అంది. గదిలోకి వచ్చాక ఆమె నోరు విప్పింది అప్పుడే. ఈ రూలు 2019లో ఒకలా రాశారు, 2022లో మరోలా మార్చారు. ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పడానికి నేను లాయర్ని కాను. "ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండమ్మా, ఫ్రెండ్స్ చెప్పింది వినకండి. కానీ తొందరగా అడగండి" అన్నాను. "అడిగి చెబుతాంలెండి" అంటూ అబ్బాయి లేచాడు.

తొందరెందుకంటే, గర్భిణులకిచ్చే ఈ తాత్కాలిక కవరేజీ డాక్టరు దగ్గరికి వెళ్ళే పరీక్షలకీ, స్కానింగులకే. కాన్పుకి వర్తించదు. ఒక గర్భానికి ఒక్కసారే ఇస్తారు. పురుడు ఖర్చు గట్టెక్కాలంటే పూర్తి దరఖాస్తు మంజూరు కావాలి. అది పెట్టకపోతే, ఇచ్చిన మర్నాటి నెల ఆఖరి తేదీతో ఇదీ ఆగిపోతుంది. అక్టోబరు 2న తీసుకున్నా, 28న తీసుకున్నా నవంబరు 30తోనే సరి. పెడితే మాత్రం జవాబు వచ్చేదాకా సాగుతుంది. ఉత్తరం చేతికొచ్చింది కదా అని నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళే ఎక్కువ. నా మటుకు నేను ఆ తేదీని ఎర్రసిరాతో ఉత్తరం మీద రాసి ఇస్తాను. మా సూపర్‌వైజరుకి అది నచ్చదు, నేను మాననూ లేదు.

తొమ్మిది రోజులకి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్కతే. లాయరు ఏమన్నాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ప్రశ్నలన్నిటికీ తనే జవాబు చెప్పింది. ఆయన ఆఖరి జీతం స్లిప్పు ఎంతో పైసలతో సహా తెలుసు ఆమెకి! మధ్యలో తప్పిపోయిన స్కానింగు ఆ మధ్యాహ్నమే చేయించుకుంది. పూర్తి దరఖాస్తు కూడా అక్కడే కూర్చోబెట్టి పెట్టించాను. కాన్పుకి పదిహేను రోజుల ముందు మంజూరు ఉత్తరం వచ్చింది. తల్లికి కవరేజీ ఉంటే పుట్టిన బిడ్డకి ఏడాది నిండేదాకా దానంతటదే ఉంటుంది, వేరే దరఖాస్తు అక్కర్లేదు.

అందరి కథా అలా తేలదు. "అడిగి చెబుతాం" అని వెళ్ళి తిరిగి రానివాళ్ళ ముఖాలు కూడా నాకు గుర్తే. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టం మెడికెయిడ్ రూల్స్‌ని చాలా మార్చింది. కనుక నా పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి.

చివరిగా ఒక్కమాట, కూతురి పురిటికి అమెరికా వచ్చే అమ్మలకి. విజిటర్ వీసా మీద చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని ఇక్కడి నివాసులుగా లెక్కించరు. కనుక ఈ కవరేజీ మీకు రాదు. గుండెనొప్పి వస్తే ఎమర్జెన్సీలో చూడకుండా తిప్పి పంపకూడదని 1986 నుంచి చట్టముంది, చూస్తారు. బిల్లు మాత్రం ఇంటికొస్తుంది. పచ్చళ్ళ డబ్బాలు సర్దుకునే ముందే ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకోండి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, ఉన్న జబ్బులకి అందులో ఏమిస్తారో చదివి మరీ తీసుకోండి. వేసుకునే మందుల చీటీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు.