జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు

పోస్టు కొంచెం పొడవే. తండాల్లో కారు కొన్నోళ్లు, కొనాలనుకునేటోళ్లు కడదాకా చదవండి.

ఏటా మిరపకోతలకు గుంటూరు పోయే బతుకు చాలని, రెండేళ్ల కిందట లోను పెట్టి అన్న పేరు మీద కొత్త కారు తీసుకున్నాం. ఎల్లో బోర్డు. అన్నే డ్రైవరు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కర్నూలు–కడప కిరాయిలు. పద్నాలుగో నెలలో రెండో గేరు వేస్తే కర్రుమనడం మొదలైంది.

షోరూంకు తీసుకపోయినాం. "క్లచ్ ప్లేటు అరిగింది, వారంటీలోకి రాదు. మీ తండా రోడ్లలో హాఫ్ క్లచ్ మీద నడిపింటారు" అన్నారు. మేము నోరెత్తలేదు. ఇంగ్లీషు జాబ్ కార్డు మీద చదవకుండానే సంతకం పెట్టినాం, ఇంట్లో డిగ్రీ చదివినోళ్లం ఇద్దరం ఉండి కూడా. అప్పు తెచ్చి 12 వేలు కట్టినాం. వారం రోజులు బండి నిలబడింది, ఈఎంఐ నిలబడలేదు. తెచ్చిన మూడో రోజే మళ్లీ అదే శబ్దం. తప్పు తనదేనేమో అని అన్న గేరు రాడ్డు పట్టుకోడానికే జంకినాడు.

కర్నూలులో ఒక పాత మెకానిక్కుకు చూపించినాం. "క్లచ్ అరిగితే ఇంజను అరుస్తాది గానీ బండి లాగదు, కాలిన వాసన వస్తాది. క్లచ్ సరిగా విడవకపోతే అన్ని గేర్లూ మొరాయిస్తాయి. ఒక్క రెండో గేరే అరుస్తాందంటే లోపల సింక్రో రింగు చూడాల్ల" అన్నాడాయన. గేరు పడేముందు లోపలి వేగాలను సమం చేసే రింగు అది. ఆ రాత్రి వారంటీ పుస్తకం మొదటిసారి తెరిచినాం. క్లచ్ ప్లేటు అరుగుడు సామాను కింద తీసేసినారు గానీ, గేర్‌బాక్సు లోపలి భాగాలు వారంటీలోనే ఉన్నాయి.

ఈసారి జాబ్ కార్డులో మా మాటే రాయించినాం: "రెండో గేరులో మాత్రమే శబ్దం, క్లచ్ మార్చినా తగ్గలేదు." ఎల్లో బోర్డుకు వినియోగదారుల కోర్టు వర్తించదన్నారు. అది నిజం కాదు. స్వయం ఉపాధితో బతకడానికి కొనుక్కున్నోళ్లు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారులే. అదే రాసి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టు పంపినాం. గేర్‌బాక్సు విప్పినారు, రింగు ఉచితంగా మార్చినారు.

క్లచ్ డబ్బులు మాత్రం ఇంకా రాలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాయితాలు సిద్ధం చేస్తున్నాం. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాల. ముందు 1915 కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చెప్పొచ్చు.

12 వేలు పోయినందుకన్నా, "మీకు నడపడం రాదు" అన్న మాటను మేమే నమ్మి, అన్నను అనుమానించినందుకు ఎక్కువ బాధ. మీ తండాలో ఎవరికైనా అట్లాంటి కాయితం ఇస్తే, సంతకానికి ముందు చదివి తెలుగులో, మన గోర్ మాటలో చెప్పండి. మేము ఆ పని ఆలస్యంగా చేసినాం.