ఏరు అంటే నీళ్ళు

నేను కోయవాణ్ణి. డి.ఎడ్. చదివి ఇరవై ఏళ్ళుగా ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్తున్నాను. కంప్యూటరు చదువు చదవలేదు. అలాంటివాణ్ణి డేటా సైన్స్ గురించీ, మెషీన్ లెర్నింగ్ గురించీ రాస్తున్నానంటే మన మిత్రులకు నవ్వు రావచ్చు. కానీ రెండేళ్ళుగా బస్సులో నేను వింటున్నది వాటి గురించే. ఎందుకు వినాల్సి వచ్చిందో, ఏవి విన్నానో, వింటే మనకేం పనికొస్తుందో నలుగురికీ చెప్పాలని రాస్తున్నాను.

ఒకరోజు మా బడికి కొందరు ట్యాబులు పట్టుకొని వచ్చారు. పిల్లలు బొమ్మ చూసి పేరు చెప్తే చాలు, ట్యాబే విని తప్పో ఒప్పో చెప్పేస్తుందన్నారు. మాస్టారికి పని తగ్గుతుందని కూడా అన్నారు. ఒకటో తరగతి పాపని కూర్చోబెట్టారు. తెర మీద గ్లాసుతో నీళ్ళు కనిపించాయి. పాప సంబరంగా "ఏరు" అంది. ఎర్ర గుర్తు పడింది. మిషను మళ్ళీ అడిగింది. వినపడలేదేమో అనుకొని పాప ఇంకా గట్టిగా "ఏరు" అంది. మళ్ళీ ఎర్ర గుర్తే. మూడోసారి పాప నోరు విప్పలేదు. నా వంక చూసింది.

తెలుగులో ఏరు అంటే పారే వాగు. మా కోయలో ఏరు అంటే నీళ్ళు. పాప చెప్పింది ఒప్పు. కాగితంలో మాత్రం వయసుకు తగ్గ స్థాయి లేదని వచ్చింది.

ఆ రోజు నేను ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళు మర్యాదగానే ఉన్నారు. మిషను ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు. తెలియని దాని ముందు నోరు లేవలేదు. నేను మూడో తరగతిలో ఉండగా దాహమేసి "ఏరు" అని నోరు జారితే మా మాస్టారు బెత్తంతో కొట్టారు. ముప్పై అయిదేళ్ళ తర్వాత అదే మాటకి ఇంకో కోయ పిల్ల తప్పు అనిపించుకుంటుంటే, నేను పక్కనే మాస్టారుగా నిలబడి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ వారం రాజమండ్రి వెళ్ళినప్పుడు మా అక్క కొడుకుతో ఈ సంగతి చెప్పాను. వాడు ఇంజనీరింగులో డేటా సైన్స్ చదువుతున్నాడు. మా ఇళ్ళల్లో ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కిన మొదటివాడు వాడే.

"మావయ్యా, అందులో మిషను తప్పేం లేదు. దానికి ఎవరూ కోయ చూపించలేదు, అంతే" అన్నాడు.

"భాషని చూపించడమేంట్రా?" అన్నాను.

"నేను చెప్తే నీకు కోపమొస్తుంది. ఇవి విను" అంటూ నా ఫోనులో కొన్ని పాడ్‌కాస్టులు దించి ఇచ్చాడు.

పాడ్‌కాస్ట్ అంటే రేడియో కార్యక్రమం లాంటిదే. కాకపోతే వాళ్ళు వేసినప్పుడు కాకుండా మనకు కుదిరినప్పుడు వినొచ్చు. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. నేను సోమవారం తెల్లవారుజామున రాజమండ్రిలో బస్సెక్కుతాను. కోరుకొండ, గోకవరం దాటి రంపచోడవరం, అక్కణ్ణుంచి ఇంకా లోపలికి. కొండ ఎక్కాక సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటి దగ్గరే దించుకోవాలి. అన్నీ ఇంగ్లీషే. వాళ్ళ వేగం నాకు అందదు. మా వాడు వేగం 0.75కి తగ్గించడం నేర్పాడు. మొదటి నెలంతా పది మాటల్లో మూడు అర్థమయ్యేవి. తెలియని మాట నోట్‌బుక్కులో రాసుకొని శనివారం వాణ్ణి అడిగేవాణ్ణి. మాస్టారు మేనల్లుడి దగ్గర పాఠం చెప్పించుకోవడం చూసి మా అక్క నవ్వేది.

మొదట విన్నది 'డేటా స్కెప్టిక్'. కైల్ పోలిచ్ అనే అమెరికన్ 2014లో మొదలుపెట్టాడు. అందులో పెద్ద పెద్ద వాళ్ళతో ముఖాముఖిలు ఉంటాయి. అవి నాకు బరువే. మధ్యమధ్యలో చిన్న భాగాలు వస్తాయి. వాటిలో అతను తన భార్యకి ఒక్కొక్క విషయం విడమరిచి చెప్తాడు. వాళ్ళింట్లో యోషి అనే చిలక ఉంది. చాలాసార్లు ఆ చిలక మీదే ఉదాహరణలు. ఆవిడ అర్థం కాకపోతే అర్థం కాలేదని అడిగేస్తుంది. నేను అడగాలనుకున్న ప్రశ్న ఆవిడే అడిగినట్టుండేది. కొత్తగా వినేవాళ్ళు పాత భాగాల్లో ఆ చిన్నవాటితో మొదలుపెట్టండి.

రెండోది 'లీనియర్ డైగ్రెషన్స్'. కేటీ మలోన్, బెన్ జాఫీ ఇద్దరు మాట్లాడుకుంటారు. ఆమె కణ భౌతికశాస్త్రం చదివి ఈ రంగంలోకి వచ్చింది. ఒక్కో భాగంలో ఒక్కటే విషయం, చాలావాటికి ఇరవై నిమిషాలు. గోకవరంలో మొదలుపెడితే రంపచోడవరం చేరేలోపు ఒకటి పూర్తవుతుంది.

వీళ్ళు చెప్పింది విన్నాక నాకు అర్థమైంది ఇది. ఈ పద్ధతిలో మిషనుకు ఎవరూ సూత్రాలు చెప్పరు. వేలకొద్దీ ఉదాహరణలు జవాబులతో సహా ఇస్తారు. ఈ గొంతు ఈ మాట, ఈ బొమ్మ ఈ వస్తువు అని. వాటిలోంచి అదే ఒక దారి పట్టుకుంటుంది. తర్వాత కొత్తది వస్తే, తాను చూసినవాటిలో దేనికి దగ్గరగా ఉందో దాని కింద కట్టేస్తుంది. పాప గొంతులో 'ఏరు' విన్నప్పుడు దానికి తెలిసినది తెలుగు ఏరు. తెర మీదున్నది నీళ్ళు. రెండూ కలవలేదు, ఎర్ర గుర్తు పెట్టింది.

ఇంకో సంగతి విని బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మిషను కూడా బట్టీ పడుతుందట. ఇచ్చిన ఉదాహరణలన్నీ తు.చ. తప్పకుండా చెప్పి, కొత్తది ఇస్తే తెల్లమొహం వేస్తుంది. దీన్ని ఓవర్‌ఫిట్టింగ్ అంటారు. పుస్తకంలో లెక్క గడగడా చేసి, అంకెలు మారిస్తే ఆగిపోయే పిల్లల్ని నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. అందుకే వాళ్ళు కొన్ని ఉదాహరణలు ముందే పక్కన దాచిపెట్టి, వాటితో పరీక్ష పెడతారు. మనం పరీక్షలో పుస్తకంలో లేని లెక్క ఇచ్చినట్టే.

మూడోది బీబీసీ వాళ్ళ 'మోర్ ఆర్ లెస్'. ఇది 2001 నుంచి వస్తున్న రేడియో కార్యక్రమం, టిమ్ హార్ఫర్డ్ నడుపుతాడు. ఇందులో మిషన్ల గురించి తక్కువే. వార్తల్లో వచ్చిన అంకెని పట్టుకొని, ఇది ఎక్కడిది, ఎవరు లెక్కపెట్టారు, ఎవర్ని వదిలేశారు అని విప్పుతారు. మన టీచర్లందరూ వినదగ్గది. ఇది వినడం మొదలుపెట్టాక అంకె కనపడితే ఊరికే తల ఊపడం మానేశాను. మిషను వందలో తొంభై సార్లు సరిగ్గా చెప్తుందని ఎవరైనా అన్నారనుకోండి. పరీక్షకి కూర్చున్న వందమందిలో తొంభైమంది తెలుగు పిల్లలు, పదిమంది కోయ పిల్లలు అయితే? మన పిల్లలు పదిమందికీ తప్పు చెప్పినా ఆ తొంభై తొంభైగానే ఉంటుంది.

నాలుగోది 'టాకింగ్ మెషీన్స్'. 2015లో కేథరిన్ గోర్మన్, ర్యాన్ ఆడమ్స్ మొదలుపెట్టారు. తర్వాత ఆడమ్స్ స్థానంలో నీల్ లారెన్స్ వచ్చాడు. కొంచెం కష్టమైనదే. కానీ ఈ లారెన్స్ ఎవరా అని మా వాణ్ణి అడిగితే, ఆఫ్రికాలో అక్కడివాళ్ళతో కలిసి 'డేటా సైన్స్ ఆఫ్రికా' అనే పని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడని చెప్పాడు. అలా మాటల్లో ఉగాండా సంగతి వచ్చింది. అక్కడ రైతులు ఫోన్లతో కర్రపెండలం ఆకుల ఫొటోలు తీశారు. ఏ ఆకుకి ఏ తెగులో అక్కడి పంటల పరిశోధన కేంద్రం నిపుణులు, మకెరెరె యూనివర్సిటీ వాళ్ళు గుర్తులు పెట్టారు. అలా 21 వేలకు పైగా ఫొటోలు పోగయ్యాయి. ఆ ఫొటోలు చూసి మిషన్లు తెగులు పేరు చెప్పడం నేర్చుకున్నాయి.

కర్రపెండలం! మా వైపు పొలాల్లో ఉండే పంట. ఇక్కడి దుంపే పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లులకు పోయి సగ్గుబియ్యం అవుతుంది. ఉగాండా రైతు తన ఆకుని తానే చూపించాడు కాబట్టి మిషనుకు అతని చేను తెలిసింది. మా పాప మాటని ఎవరూ చూపించలేదు.

చూపించడం ఒక్కటే చాలదని కూడా తెలిసింది. మా వాడు వాళ్ళ పాఠంలోంచి మహలనోబిస్ దూరం అనే లెక్క చూపించాడు. రెండు గుంపులు ఒకదానికొకటి ఎంత దూరమో కొలిచే లెక్క. మెషీన్ లెర్నింగులో ఇప్పటికీ వాడతారు. అది పుట్టింది మనుషుల తలలు, ముక్కులు కొలిచిన కొలతల్లోంచి. 1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో కులాలవాళ్ళనీ, ఆదివాసులనీ కొలిచిన లెక్కల మీద మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి 1949లో పరిశోధన అచ్చువేసినవారిలో మన తెలుగువారు, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారున్నారు. ఆయన ప్రపంచం మెచ్చిన గణాంకవేత్త. ఆయన పేరు ఎన్నో పుస్తకాల్లో ఉంది. తల వంచి కొలత ఇచ్చినవాళ్ళ పేర్లు మాత్రం నాకెక్కడా కనపడలేదు.

2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. సంతాలీ, బోడో ఉన్నాయి. కోయ, గోండి లేవు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది భాషల్లో వాచకాలు వేసినప్పుడు కోయ వాచకం కూడా తెలుగు లిపిలో వచ్చింది. ఛత్తీస్‌గఢ్ వైపు సీజీనెట్ స్వర వాళ్ళు 2010 నుంచి మామూలు ఫోనులోనే ఆదివాసుల మాట వినిపించే ఏర్పాటు చేశారు. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనే అనువాద యాప్ తెచ్చింది. మొదట సంతాలీ, భీలి, ముండారి, గోండి పెట్టారు. మన చుట్టం గోండి దాకా వచ్చింది. ఆ వరసలో కోయ లేదు.

ఇదంతా విన్నాక మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. మా ఊరు పోలవరం ముంపులో పోయింది. అమ్మ ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటోంది. అక్కడ పిల్లలు తెలుగులోనే ఆడుకుంటారు. గడ్డల పేర్లు, చేపల పేర్లు, గాలివాన ముందు ఆకాశానికి చెప్పే మాటలు అమ్మతోనే ఉన్నాయి. ఫోను ముందు పెట్టి చెప్పమన్నాను.

"నా గొంతు ఎవరికిస్తావు బాబూ?" అంది.

పాడ్‌కాస్టుల్లో పెద్ద పెద్ద చదువులవాళ్ళు గంటలకొద్దీ చర్చించే ప్రశ్న అదే. "ఎవరికీ ఇవ్వను. నువ్వూ, మన పెద్దలూ ఒప్పుకుంటేనే" అన్నాను. "అయితే రాసుకో" అని మొదలుపెట్టింది. ఇప్పటికి మూడు వందల పైచిలుకు మాటలు చేరాయి. ప్రతిదానికీ చెప్పినవాళ్ళ పేరు, ఊరు, పక్కన తెలుగు అర్థం రాస్తున్నాను. పోయిన ఊరి పేరు కూడా రాస్తున్నాను. మిషనుకు ఇవి ఏ మూలకీ రావని మా వాడే అన్నాడు. రాకపోయినా కాలనీ పిల్లలకి వస్తాయి.

ట్యాబువాళ్ళు ఈ ఏడు మళ్ళీ వచ్చారు. ఈసారి నేను అడిగాను: "దీనికి నేర్పినప్పుడు కోయ పిల్లల గొంతులు ఎన్ని పెట్టారండీ? దీన్ని పరీక్షించినప్పుడు మన పిల్లలు ఎందరున్నారు? ఇక్కడ రికార్డయిన గొంతు ఎక్కడికి పోతుంది?" ఆ కుర్రాడు ఇబ్బంది పడ్డాడు. "తెలీదు సార్, కనుక్కొని చెప్తాను" అన్నాడు. ఇంకా చెప్పలేదు. పాప ఈసారి కూడా మొదట "ఏరు" అంది. ఎర్ర గుర్తు పడింది. నేను ఆ కాగితం తీసుకొని పక్కన రాశాను: "ఏరు అంటే కోయలో నీళ్ళు. జవాబు సరైనదే." కింద సంతకం పెట్టి తేదీ వేశాను.

మన టీచర్లకి, చదువుకుంటున్న మన పిల్లలకి నేను చెప్పేది ఒకటే. వినండి. మనవాళ్ళు చెవితోనే నేర్చుకున్నారు, కాబట్టి వినడం మనకు కొత్త కాదు. చిలక కథలతో మొదలుపెట్టండి, వేగం తగ్గించుకోండి, తెలియనిది పిల్లల్నే అడగండి. అంతా అర్థం కావాలని లేదు. మిషను బడిలోకి వచ్చినప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు. ఆ రోజు నాకది తెలియక, ఒక పాప నా వంక చూస్తుంటే తల దించుకున్నాను.