గట్టి లెన్సులకు తగిన ద్రావణము

కెరటోకోనస్ అను కంటి వ్యాధి చేత కార్నియా శంకువువలె ముందుకు పొడుచుకొనివచ్చి, కంటద్దములు నిష్ప్రయోజనములైన పెక్కుమందికి స్పష్టమైన చూపును ప్రసాదించునవి గట్టి కాంటాక్టు లెన్సులే కాగా, వానిని శుభ్రపరచు ద్రావణము మాత్రము మందుల దుకాణములందు సులభముగా లభింపదు. అడిగినచో మెత్తని లెన్సుల సీసానే చేతికిత్తురు. నిల్వకై కలుపు రసాయనములు సరిపడని కన్నులకు 3 శాతము హైడ్రోజన్ పెరాక్సైడు ద్రావణము మిక్కిలి హితము. కాని దానితో వచ్చు ప్రత్యేకపు డబ్బీలో కనీసము 6 గంటలు ఉంచి, అది తటస్థమైన పిమ్మటనే లెన్సును ధరింపవలెను, లేనిచో కన్ను తీవ్రముగా మండును. నేను అన్నిటికన్న భయపడునది కుళాయి నీటికే. గట్టి లెన్సే కదా యని ఆ నీటితో కడుగువారు కలరు. అందుండదగు అకాంతమీబా యను సూక్ష్మజీవి కార్నియాకు సోకి చూపునే హరింపగలదు. మిత్రులారా, మీ ఊరిలో గట్టి లెన్సుల ద్రావణము దొరకు చోటు తెలిసినచో దయయుంచి తెలుపుడు. అవసరమున్నవారు పలువురు కలరు.