ఆచూకీ దొరకడమంటే...

విశాఖపట్నం వాళ్ళకి ఎన్నేడీ జంక్షన్ గురించి చెప్పక్కర్లేదు. సింహాచలం బస్సు కండక్టరు "ఎన్నేడీ, ఎన్నేడీ" అని అరిస్తే దిగిపోవడమే తప్ప, ఆ మూడక్షరాలకి అర్థమేమిటని అడిగేవాళ్ళు తక్కువ. నావల్ ఆర్మమెంట్ డిపో. నౌకాదళం ఆయుధాల డిపో అన్నమాట. మేముండేది గోపాలపట్నంలో. నాన్న కూడా రక్షణ శాఖలో సివిలియన్ ఉద్యోగే (ఆ డిపోలో కాదు, వేరే చోట), అందుకని నాకు చిన్నప్పుడే తెలుసు. ఊళ్ళో మిగతావాళ్ళకి మాత్రం 2016 జులై 22న తెలిసింది.

ఆ రోజు పొద్దున 8:30కి చెన్నై పక్కన తాంబరం నుంచి వాయుసేన ఏఎన్ 32 రవాణా విమానం ఒకటి లేచింది. నంబరు కె 2743. 11:45కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాలి. దిగలేదు. అందులో 29 మంది ఉన్నారు. వాళ్ళలో 8 మంది ఎన్నేడీ సివిలియన్ ఉద్యోగులు. యుద్ధానికి కాదు, ఆఫీసు పని మీద వెళ్తున్నవాళ్ళు.

సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ టీవీ ముందు నిలబడి ఉంది. నాన్న పక్కనే కుర్చీలో ఉన్నారు. అయినా అమ్మ మాటిమాటికీ ఆయన వైపు చూస్తోంది. ఎందుకంటే నాన్న కూడా టీడీ మీద పోర్ట్ బ్లెయిర్ రెండుసార్లు వెళ్ళొచ్చారు. ఒకసారి ఓడలో, ఒకసారి అచ్చం ఇలాంటి విమానంలో. గోడల వెంబడి గుడ్డ పట్టీల బెంచీలు, మధ్యలో సామాన్లు, చెవుల్లో దూది పెట్టుకున్నా ఆగని మోత... ఇవన్నీ మాకు కథలా చెప్పేవారు. ఆ రోజు ఏమీ చెప్పలేదు.

రాడార్ మీద చివరిసారి కనిపించినప్పుడు విమానం 23,000 అడుగుల ఎత్తులో, చెన్నైకి తూర్పున 151 నాటికల్ మైళ్ళ దూరంలో ఉంది. ఎడమకి తిరిగి, వేగంగా ఎత్తు కోల్పోతూ మాయమైపోయింది. నౌకలు, విమానాలు, జలాంతర్గామి అన్నీ వెతికాయి. సెప్టెంబరు 15న వెతకడం ఆపేశారు. 29 మందీ చనిపోయినట్టు భావిస్తున్నామని ప్రకటించారు.

"చనిపోయారు" అనడానికీ "చనిపోయినట్టు భావిస్తున్నాం" అనడానికీ ఎంత తేడా ఉందో నాకు నాయనమ్మ మాటతో అర్థమయ్యింది. పేపరు చదివించుకుని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "మరి ఆ ఇళ్ళల్లో ఆడాళ్ళు బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? తద్దినం ఏ తిథికి పెడతారర్రా?" నాకప్పుడు చిరాకేసింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ సరైన చోటే పట్టుకుంది అనిపిస్తోంది. ఏడేళ్ళపాటు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని మన సాక్ష్యాల చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. చట్టానికి ఒక లెక్క ఉంది. ఇంటికి ఏ లెక్క ఉంటుంది?

ఈ మధ్య ఆఫీసులో జరిగిన ఒక సంగతి వల్ల ఇదంతా మళ్ళీ గుర్తొచ్చింది. మా ప్రోగ్రాం ఒకటి అర్ధరాత్రి చచ్చిపోయింది. ఎందుకు చచ్చిందో చెప్పే లాగ్ లేదు. ఎందుకు లేదంటే, ఆ పని "వచ్చే రిలీజులో చూద్దాం" అని మూడుసార్లు వాయిదా వేశాం (వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచుకోవడమెందుకు). నలుగురం మూడు రోజులు కూర్చుని, చివరికి "కారణం తెలియదు" అని రాసి టికెట్ మూసేశాం. మా దగ్గర పోయినవి నాలుగు ఫైళ్ళు. అవే మనుషులైతే?

విమానంలోనూ ఈ లాగ్ లాంటి సంగతొకటి ఉంది. ప్రమాదం జరిగితే తనంతట తానే రేడియో సంకేతం పంపే బీకన్ ఉంటుంది. నేల మీదైతే పనికొస్తుంది. కానీ రేడియో తరంగాలు సముద్రపు నీటిలో ఎంతో దూరం పోలేవు. శబ్దం పోతుంది. అందుకే నీటి కోసం వేరే బీకన్ ఉంది. అరచేతిలో పట్టేంత డబ్బా. నీళ్ళు తగలగానే సెకనుకోసారి "నేనిక్కడున్నా" అని వారాల తరబడి టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. పౌర విమానాల్లో బ్లాక్ బాక్సుకి తగిలించి ఉండేది అదే. ఈ కె 2743లో అది లేదని అప్పుడే వార్తల్లో వచ్చింది. బంగాళాఖాతం దాటి వెళ్ళే విమానంలో!

సముద్రంలో ఏఎన్ 32 మాయమవడం అదే మొదటిసారి అయితే సరే అనుకోవచ్చు. 1986 మార్చి 25న సోవియట్ యూనియన్ నుంచి కొత్తగా తీసుకొస్తున్న ఏఎన్ 32 ఒకటి మస్కట్ నుంచి జామ్‌నగర్ వస్తూ అరేబియా సముద్రం మీద మాయమైపోయింది. ఏడుగురు. ఆ విమానం ఇప్పటికీ దొరకలేదు. 1986కీ 2016కీ మధ్య ముప్పై ఏళ్ళు. అంటే ముప్పై ఏళ్ళపాటు "వచ్చే రిలీజు" రాలేదన్నమాట.

నేలమీద పడితే దొరికిపోతుంది అనుకుంటాం. అదీ నిజం కాదు. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకా వెళ్తూ 13 మందితో కూలిన ఏఎన్ 32 కనిపించడానికి 8 రోజులు పట్టింది. అరుణాచల్ అడవుల్లో, 12,000 అడుగుల ఎత్తున.

కానీ అన్నిటికంటే నన్ను పట్టుకున్నది 1968 నాటి కథ. ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కి 102 మందితో బయల్దేరిన ఏఎన్ 12. లేహ్ దగ్గర వాతావరణం బాగోలేక వెనక్కి తిరిగింది. రోహ్‌తాంగ్ కనుమ ప్రాంతంలో మాయమైంది. అంతే. ముప్పై అయిదేళ్ళు ఏమీ లేదు. 2003లో మనాలి పర్వతారోహణ సంస్థ వాళ్ళకి మంచులో శకలాలు కనిపించాయి. హిమానీనదం అంటే కదలని మంచు కాదు కదా, నెమ్మదిగా జారే నది. మింగినదాన్ని ఎప్పుడో ఒకప్పుడు కిందికి తెచ్చి బయట పెడుతుంది. సైన్యం మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. 2019 దాకా దొరికింది 5 మృతదేహాలే. 2024 సెప్టెంబరు నెలాఖరులో ఇంకో నలుగురు దొరికారు. యాభై ఆరేళ్ళ తర్వాత! కొందరిని జేబుల్లో ఉన్న పేబుక్కుల్లాంటి కాగితాలను బట్టి గుర్తుపట్టారు. ఎదురుచూసిన తల్లిదండ్రులు ఎప్పుడో పోయి ఉంటారు. తమ్ముళ్ళు ముసలివాళ్ళయి ఉంటారు. అయినా ఊళ్ళకి తీసుకెళ్ళి అంత్యక్రియలు చేశారు. 102లో 9 మంది. మిగతా 93 మంది ఇంకా ఆ మంచులోనే ఉన్నారు.

చచ్చిపోయినవాళ్ళ కోసం పదహారు వేల అడుగులు ఎక్కి ఇంకొకళ్ళ ప్రాణాల మీదకి తెచ్చుకోవడం ఎందుకు అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ ఖర్చుతో బతికున్నవాళ్ళకి మంచి విమానాలు కొనొచ్చు కదా అన్నాడు. లెక్క ప్రకారం వాడి మాట తప్పు కాదు. కానీ ఈ రెండూ వేరు వేరు పద్దులు కావు అని నా ఉద్దేశం. పోయినదాన్ని వెతికే అలవాటు ఉన్నచోటే, ఎందుకు పోయిందని అడిగే అలవాటు కూడా ఉంటుంది. శకలం దొరక్కపోతే కారణం ఊహే. ఊహ మీద ఏ మరమ్మత్తు చేస్తాం? అరచేతిలో పట్టే డబ్బా పోయినవాళ్ళని బతికించలేదు, నిజమే. ఆ తర్వాత ఎక్కబోయేవాళ్ళకి మాత్రం అదే జవాబు.

2024 జనవరి 12న ఆఫీసులో ఉండగా వార్త చూశాను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, సముద్రం అడుగున ఖనిజాల కోసం తెచ్చుకున్న మనిషి లేని జలాంతర వాహనాన్ని పంపితే, 3,400 మీటర్ల లోతులో విమాన శకలాలు ఫొటోల్లో కనిపించాయి. చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరం. ఏఎన్ 32తో సరిపోతున్నాయనీ, ఆ ప్రాంతంలో మాయమైన విమానం మరేదీ లేదనీ రక్షణ శాఖ చెప్పింది. రాడార్ చివరి మాట 151, దొరికింది 140. మైళ్ళలో తేడా పదకొండు. కాలంలో తేడా ఏడున్నరేళ్ళు.

నాన్నకి ఫోన్ చేశాను. రిటైరయ్యాక ఆయన పేపరు ఆలస్యంగా చదువుతున్నారు.

"నాన్నా, ఆ విమానం దొరికిందిట."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంత లోతుట?"

"3,400 మీటర్లు."

"పైకి తియ్యగలరా?"

"కష్టం నాన్నా."

"సరేలే. ఎక్కడున్నారో తెలిసింది కదా." కాసేపాగి మళ్ళీ అన్నారు, "నేను వెళ్ళినప్పుడు ఐడీ కార్డు చొక్కా లోపలి జేబులో పెట్టి పిన్నీసు పెట్టుకున్నారా. మీ అమ్మకి చెప్పలేదు."

నాకూ అప్పటిదాకా చెప్పలేదు. నవ్వుతూ, భయం లేదంటూ, కథలా చెప్పిన ప్రయాణంలో ఆయన దాచుకున్నది అదన్నమాట. నేను పోయినా నన్ను ఎవరో వెతుకుతారు, దొరికితే గుర్తుపట్టాలి అని.

మొన్న ఆఫీసులో ఆ ప్రోగ్రాంకి లాగ్ పెట్టే పని మళ్ళీ వాయిదా పడబోతే ఒప్పుకోలేదు. శనివారం కూర్చుని రాసేశాను. పెద్ద గొప్పేం కాదులెండి, రెండొందల లైన్లు. ఈసారి ఎన్నేడీ దగ్గర బస్సు దిగినప్పుడు ఆ మూడక్షరాల గురించి మీ పిల్లలకి ఒక్కసారి చెప్పండి. ఆ ఎనిమిది మంది గురించి కూడా.