పెద్దల సభ

మా ఇంటి పార్లమెంటులో రెండు సభలు. దిగువ సభలో మావారూ, నేనూ, పిల్లలూ. ఎగువ సభలో మా అత్తగారొక్కరే. ఆవిణ్ణి ఎవరూ ఎన్నుకోలేదు. నేనీ ఇంట్లో అడుగుపెట్టే నాటికే ఆవిడ జీవితకాల సభ్యురాలు.

ఈ పోలిక ఊరికే తట్టలేదు లెండి. నా కొత్త నవల్లో కథానాయికకి న్యూజీలాండులో ఉద్యోగం వేయించాను. అందుకని ఆ దేశం గురించి చదవాల్సి వచ్చింది. అది బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో, 1854 నుంచి, అక్కడా ఓ పెద్దల సభ ఉండేదిట. లండన్‌లోని ప్రభువుల సభకి నకలన్నమాట. అక్కడ వంశపారంపర్యపు ప్రభువులెక్కడివీ? గవర్నరుగారే పెద్దమనుషుల్ని ఏరి కూచోబెట్టేవారు. ఓట్లడిగే బెడద లేదు. ఒకసారి కూచుంటే ప్రాణమున్నంత వరకూ లేపేవాళ్ళు లేరు. 1891 నుంచి మాత్రం కొత్తగా వేసినవాళ్ళకి ఏడేళ్ళే గడువన్నారు.

అలాంటి సభ ఆడవాళ్ళకేం ఒరగబెడుతుంది అనుకుంటాం కదా! ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 1893లో అక్కడి ఆడవాళ్ళు ఓటు కోసం దాదాపు 32 వేల సంతకాలు పోగుచేశారు. బిల్లు పెద్దల సభకొచ్చింది. ప్రధాని సెడన్‌కి అది నెగ్గడం ఇష్టం లేదు. తన పక్షం సభ్యుడొకాయనకి కబురుపెట్టి ఓటు మార్పించాడు. ఈ పెత్తనం చూసి స్టీవెన్స్, రేనాల్డ్స్ అనే ఇద్దరికి ఒళ్ళు మండింది. బిల్లంటే గిట్టనివాళ్ళే, పంతంకొద్దీ ఇటు తిరిగి ఓటేశారు. 20కి 18! బిల్లు నెగ్గింది.

అయితే ఆ సభలో కూచునే అర్హత ఆడవాళ్ళకి 1941లో గాని రాలేదు. మొదటి ఇద్దరూ మేరీలే – మేరీ ఆండర్సన్, మేరీ డ్రీవర్. వాళ్ళు అడుగుపెట్టింది 1946లో. అయిదేళ్ళు తిరక్కుండానే సభకి కాలం చెల్లింది.

ఎలాగో వినండి. సభని రద్దుచెయ్యాలంటే ఆ సభ కూడా ఒప్పుకోవాలి. అందుకని 1950లో ప్రధాని హాలండ్ పాతికమంది కొత్తవాళ్ళని వేయించాడు. తమ కుర్చీలు తామే తీసేసుకోవడానికి! 'ఆత్మహత్యా దళం' అన్నారుట వాళ్ళని. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. ఆ డిసెంబరు 1న సభ ఆఖరిసారి కూచుని లేచిపోయింది.

చదివి పడీపడీ నవ్వాను. ఆ సాయంత్రమే మావారు, ఊళ్ళో ఇల్లు బేరం కుదిరిందన్నారు. ఆ ఇల్లు అత్తగారి పేర ఉంది. ఏడాదికి రెండు నెలలు అక్కడికెళ్ళి, సున్నం వేయించి, తులసికోటలో నీళ్ళు పోసి వస్తారావిడ.

“సంతకం సంగతి నువ్వడుగు. నువ్వంటే కాదనదు” అన్నారు మావారు.

నా నవ్వు ఆగిపోయింది.

అడిగాను. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అయితే నా సంతకంతోనే నా ఇల్లు పోవాలన్నమాట” అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది. ఏం చెప్పాలో తోచక న్యూజీలాండు కథంతా చెప్పేశాను.

“మరి ఆ సభ జరిగిన గది ఏం చేశారే?”

“ఉందత్తయ్యా. ఇప్పటికీ కొత్త పార్లమెంటు మొదలైతే గవర్నర్ జనరల్ ప్రసంగం ఆ గదిలోనే.”

“చూశావా! సభ తీసేసినా గది ఉంచుకున్నారు.” కాసేపాగి మళ్ళీ అన్నారు. “మన రామారావుగారు 1985లో తీసేసిన పెద్దల సభ 2007లో తిరిగొచ్చింది. అమ్మేసిన ఇల్లు తిరిగొస్తుందిటే అమ్మాయ్?”

నా దగ్గర జవాబు లేదు.

హాల్లోకి వచ్చేసరికి మావారు కాగితాలు సర్దుకుంటున్నారు.

“ఏమంది?”

“బిల్లు వీగిపోయింది. ఓ ఓటు అటు తిరిగింది.”

“ఎవరిదీ?”

“నాదే” అన్నాను.