సీసాలు సరే, మూతలో?

అమెరికాలో ఎండాకాలం చివర్లో పెరటి టమాటాలన్నీ ఒక్కసారే పండి కూర్చుంటాయి. తిని, పంచి, ఇంకా మిగిలినవాటిని సీసాల్లో నిలవ చెయ్యడమే కానింగ్. పేరుకే క్యాన్లు, వాడేవి గాజు సీసాలు!

ఈ సరంజామా మా ఊళ్ళో సుత్తులూ మేకులూ అమ్మే హార్డ్‌వేర్ షాపులోనే తేలిగ్గా దొరుకుతుంది. మేసన్ సీసా (దీని పేటెంటు 1858 నాటిది), పైన రేకు మూత, దాన్ని బిగించే రింగు. సీసా, రింగు ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. రేకు మూత ఒక్కసారికే. 2020లో కోవిడ్ పుణ్యమా అని అందరూ తోటపనిలో పడేసరికి ఈ మూతలకి కరువొచ్చింది. అప్పట్నించీ నేను వసంతంలోనే కొనేస్తున్నా.

ఇక అసలు సంగతి. "మన కుక్కరుండగా ప్రెషర్ కానర్ దండగ కదా" అంటారు మిత్రులు. టమాటాలకి క్వార్టు సీసాకి రెండు టేబుల్‌స్పూన్ల బాటిల్ నిమ్మరసం కలిపితే మరిగే నీళ్ళు చాలు. పప్పుకి చాలవు. బాట్యులిజం బీజాలు చావాలంటే 240 డిగ్రీల ఫారెన్‌హీట్ కావాలి. మన కుక్కర్ త్వరగా కాగి త్వరగా చల్లారుతుంది, పరీక్షించిన టైములు దానికి వర్తించవు. నాలుగు క్వార్టు సీసాలు పట్టనిదాన్ని అమెరికా వ్యవసాయ శాఖ కానింగ్‌కి వద్దంటుంది. ఆ విషం రంగూ వాసనా చూస్తే తెలిసేది కాదు మరి!

"మా అమ్మమ్మ ఇవన్నీ చూసిందా?" అంటారా? అమ్మమ్మ ఆవకాయని కాపాడింది ఉప్పూ, పులుపూ. పప్పులో అవి అంత ఉండవు. దాన్ని ఫ్రీజర్లో పెట్టుకోండి, చాలు.