కింది వాటా

విజయవాడ వన్‌టౌన్‌లోని మా ఇంటి కింది వాటాలో గడప దాటగానే పాదానికి చల్లగా తగిలేది ఎర్ర గచ్చు. చుట్టూ నల్లటి పట్టీ. పండగలకి అమ్మ కొబ్బరినూనె గుడ్డతో రుద్దితే నిగనిగలాడేది. రోహిణీ కార్తెలో దిండు కూడా లేకుండా దానిమీదే పడుకునేవాళ్లం. ఏళ్ల తరబడి కత్తిపీట వేసినచోట ఎరుపంతా అరిగిపోయి, నెలవంకలా బూడిదరంగు తేలింది. ఆ మరక మీద నాకెంత ప్రేమో! వాటా బాగుచేయించినప్పుడు సమ్మెటలతో గచ్చు పగలగొట్టి టైల్స్ పరిచారు. బళ్లకి చోటు కావాలని అరుగూ తీసేశారు.

గోడలు గానుగ సున్నానివి. ఎద్దు తిప్పే గానుగలో సున్నం, ఇసుక నూరి, కరక్కాయా బెల్లమూ నానేసిన నీళ్లు కలిపేవారట. నేలలోంచి ఎక్కిన చెమ్మని ఆ సున్నం పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేది. దానిమీద సిమెంటు పూసేసరికి చెమ్మకి దారి మూసుకుపోయింది. ఆ తర్వాతి వానలకే ఉప్పు పొంగి, మోకాలెత్తున పెచ్చులు ఊడాయి. పాత గోడ ముట్టుకునేముందు సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతుక్కోమని ఇప్పుడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాను.

అన్నిటికన్నా పెద్ద నష్టం మండువా. మాది వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న ఇల్లు. రెండు పక్కలా గోడకి గోడ ఆనుకుని పొరుగిళ్లే. వెలుతురు రావాలంటే నడినెత్తి నుంచే రావాలి. వాన మొదలవగానే బామ్మ చూరు కింద గంగాళం పెట్టేది. మొదటి జల్లు పారబోసి, తర్వాతి నీళ్లే పట్టేది. నూతినీళ్లలో ఎంతకీ ఉడకని కందిపప్పు ఆ నీళ్లలో ఇట్టే మెత్తబడేది. మండువా మీద స్లాబు వేసి గది చేసుకున్నాక పగలు కూడా లైటు వేయాల్సి వస్తోంది. గాలి ఆడదు, బట్టలు ఆరవు.

స్లాబులో కొంతమేర కోసి, ఊచలు బిగించి పైన గాజు పెడదామంటున్నాడు ఇంజనీరు. ఎండ వస్తుంది, వాన రాదు. నాకు అదైనా చాలనిపించింది. అమ్మ మాత్రం గాజు వద్దు, వాన పడాల్సిందే అంటోంది.